క్యాథరిన్ వ్యాను ఎక్కిన వంతెన

నేను గూడూరులో తెలుగు టీచరును. ఏడో తరగతి పిల్లలు నా వెనక ముక్కు మూసుకుంటారని నాకు తెలుసు. మూసుకోనీ. వాకాడు నుంచి నేను రోజూ బడికి వెళ్ళేది చేపల వ్యానులో. బస్సు లేక కాదు. ఆ బస్సులో గంపతో ఎక్కబోయిన ఆడవాళ్ళను కంపు కొడతారని దించేస్తుంటే కిటికీ పక్కన కూర్చుని చూడటం నా వల్ల కాలేదు. ఒకరోజు నేనూ దిగిపోయాను. నేను దిగితే బస్సుకు పోయేదేమీ లేదు, నాకు మాత్రం బడి వేళ మించిపోతోంది. అప్పుడు ఒక తెల్ల వ్యాను వచ్చి ఆ గంపల పక్కన ఆగింది. నడిపేది ఒక ఆడమనిషి. ఆమే క్యాథరిన్. వయసులో నాకంటే చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది.

ఆమెది వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న పాళెం. అక్కడ మగవాళ్ళు పడవల మీద వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు. అమ్మడానికి రెండే దారులు. ఒడ్డుకు ఐసు లారీ తెచ్చే దళారి పెంచలయ్యకు అతను చెప్పిన ధరకు పొయ్యడం ఒకటి. గంప ఎత్తుకుని గూడూరు మార్కెట్టుకు పోయి తమ ధరకు తాము అమ్ముకోవడం ఇంకొకటి. క్యాథరిన్ తల్లి మగ్దలీనమ్మ పెంచలయ్యకు ఏనాడూ ఒక్క చేప పోసి ఎరగదు. గంపతో బస్సెక్కేది. ఒకనాడు ఓ ప్రైవేటు బస్సువాడు, ప్రయాణికులు గోల చేశారని, కోట దాటాక నడిరోడ్డు మీద ఆమెను దించి, గంపను టాపు మీద నుంచి కిందికి తోసేశాడు. కానాగంత చేపలన్నీ రోడ్డు మీద పడ్డాయి. తల్లి వెంట ఉన్న చిన్నపిల్ల క్యాథరిన్ వాటిని ఏరింది.

"మా అమ్మ ఏడవలా టీచరక్కా. చేపలు కడుక్కోని, నడిచి పొయ్యి, అమ్ముకోనే వచ్చింది. నేనే ఏడిసినా. కోపంతో ఏడిసినా" అని నాతో చెప్పింది ఒకసారి. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ తగ్గలేదు. తగ్గకూడదనే నేనూ కోరుకుంటాను.

పెద్దయ్యాక డ్రైవింగు నేర్చుకుంది, పాతదైనా ఒక పెట్రోలు వ్యాను కొంది. పాళెం ఆడవాళ్ళను, వాళ్ళ గంపలను రోజూ పొద్దున్నే గూడూరు చేర్చడమే ఆమె పని. అంతా బాగానే ఉండేది గాని, గూడూరులో రైలు పట్టాల మీది వంతెన దగ్గర మాత్రం వ్యాను చతికిలబడేది. నిండు లోడుతో ఆ చడావు ఎక్కలేదు. అందుకని వంతెన మొదట్లో వ్యాను ఆగగానే ఆడవాళ్ళందరూ చెప్పకుండానే దిగేవాళ్ళు. ఖాళీ వ్యాను పైకి పోతుంటే పక్కన నడుచుకుంటూ ఎక్కి, అవతల దిగువన మళ్ళీ కూర్చునేవాళ్ళు. నేనూ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాళ్ళతో నడిచేదాన్ని. ఎవరికీ అది తప్పుగా అనిపించేది కాదు, ఒక్క క్యాథరిన్‌కు తప్ప. అద్దంలో వెనక్కి చూసినప్పుడల్లా ఆమె పళ్ళు కొరుక్కోవడం నేను చూశాను.

ఏటా రెండు నెలలు సర్కారు సముద్రంలో వేట ఆపిస్తుంది. ఆ నిషేధం మొదలవడానికి కాస్త ముందు ఆ వంతెన మీదే ఇంజను పట్టేసింది. ఆడవాళ్ళే వ్యానును తోసి పక్కకు పెట్టారు. మరునాటికే పెంచలయ్య పాళెంలోకి వచ్చాడు. మనిషి మాట తీపి. వేట తెరిచాక గూడూరు తిప్పలు ఎందుకు, అన్నీ నాకే పొయ్యండి, కాకపోతే ఒక్క షరతు, ఏడాది పొడుగునా ఒక్క గంప కూడా బయటికి పోకూడదు అన్నాడు. క్యాథరిన్‌ను పిలిచి, తన ఐసు లారీకి డ్రైవరుగా రమ్మన్నాడు కూడా.

"నెల తిరిగేసరికి జీతం చేతిలో పడద్ది క్యాథరినా. ఈ డబ్బా బండితో ఎన్నాళ్ళు కొట్లాడతావు?"

"నువ్వు ఒడ్డుకి రావడం మానేసేదాకా" అంది క్యాథరిన్.

ఆ మాట వినడానికి బాగుంది గాని, పాళెం ఆడవాళ్ళ కడుపు నింపదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే కూర్చుని మాట్లాడుకున్నారు. అందరి తరఫునా ప్రేమలీల చెప్పింది. ఆమె క్యాథరిన్‌కు స్వయానా పెదనాన్న కూతురు, ఇద్దరికీ చిన్నప్పటి నుంచి ఒకే కంచం.

"మేయ్, వేట తెరిచినాక మొదటి చేప వచ్చే రోజుకి వ్యాను ఉంటే నీతోనే వస్తాం. లేకపోతే పెంచలయ్యన్నకి మాట ఇచ్చేస్తాం. మా ఇళ్ళల్లో పిల్లలు ఉండారు, నీ పంతం తిని బతకలేం."

"వ్యాను ఉంటాది. ఉండడమే కాదు, ఆ వంతెన కాడ మిమ్మల్ని దించను" అంది క్యాథరిన్.

నా పక్కన కూర్చున్న మగ్దలీనమ్మ కూతురి వైపు చూసి, "దీని నోరు పాడుగాను" అని మెల్లగా అంది. ఆ తిట్టులో ముద్దే ఎక్కువ వినిపించింది నాకు.

చిల్లకూరు దగ్గర హైవే పక్కన మాల్యాద్రి షెడ్డు ఉంది. ఆ వ్యానుకు మొదటి నుంచీ మెకానిక్కు అతనే. క్యాథరిన్ అతన్ని వెంటబెట్టుకుని మద్రాసు వెళ్ళి, పాత ఇంజన్ల బజారంతా తిరిగింది. పోయిన దాని లాంటిదే ఇంకొకటి దొరికేది. ఆమె వద్దంది. అదే కంపెనీ కారుది, అదే అచ్చులో చేసినదే, కాని బోరు, స్ట్రోకు అనే లోపలి కొలతలు రెండూ పెద్దవిగా ఉన్న ఇంజను ఏరింది. మునుపటి దాని కంటే రమారమి పావు వంతు పెద్దది. దాన్ని విప్పి, బోరు సరిచేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, మాల్యాద్రి చేత మళ్ళీ పుట్టించింది. బండి కాగితాల్లో ఇంజను మార్పు కూడా రాయించింది. చిక్కంతా పెట్రోలు దగ్గర వచ్చింది.

మాల్యాద్రి నాకు చెప్పింది నేను అర్థం చేసుకున్నంత వరకు ఇదీ. ఈ కాలపు బండ్లలో ఇంజనుకు పెట్రోలు పోసేది ఒక చిన్న కంప్యూటరు. గాలి ఒత్తిడి చూసి, ఇంజను ఇంత గాలి పీలుస్తోందని లెక్కగట్టి, ఇంజెక్టర్లు అనే సన్నటి ముక్కుల్లోంచి దానికి తగినంత పెట్రోలు చిమ్మిస్తుంది. కాని ఆ కంప్యూటరుకు తెలిసింది పాత చిన్న ఇంజను మాత్రమే. పెద్ద ఇంజనుతో పాటు దాని కంప్యూటరు రాలేదు. వచ్చినా ఆ కారు తాళంచెవికి తప్ప పలకదట.

"ఆ తీగలన్నీ పీకి పారేద్దాం అమ్మా. పాతకాలం బండ్ల లాగా కార్బురేటరు పెడతా, ఒక్క పూట పని" అన్నాడు మాల్యాద్రి.

"నా బండి బండిలాగే ఉండాల. రేపు పొగ పరీక్షలో నిలబడాల. కంపెనీ పెట్టిన తీగ ఒక్కటి కూడా తియ్యొద్దు" అంది క్యాథరిన్.

అట్లాగే బిగించారు. చదును రోడ్డు మీద చక్కగా నడిచింది. నేనూ ఎక్కి చూశాను, ప్రాణం లేచి వచ్చింది. వంతెన మీద బరువుతో ఒత్తి తొక్కేసరికి ఇంజను లోపల గులకరాళ్ళు పోసి ఆడించినట్టు చప్పుడు మొదలైంది. అట్లాగే తొక్కితే పిస్టన్లు కరిగిపోతాయని మాల్యాద్రి బండి ఆపించాడు.

ఇక్కడ నా తమ్ముణ్ణి పట్టుకొచ్చాను. నరేంద్రబాబు గూడూరులోనే పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెబుతాడు. మా అమ్మానాన్నలు వరి పండించి చదివించిన చదువు, ఒక్కసారైనా చేపల వ్యానుకు పనికి రానీ అనుకున్నాను. వాడు బానెట్ ఎత్తి చూసి, ఒక కాలు బంపరు మీద పెట్టి, తరగతిలో లాగే మొదలుపెట్టాడు.

"పొగ గొట్టంలో ఒక సెన్సారు ఉందక్కా. బయటికి పోయే పొగలో గాలి మిగిలితే, పెట్రోలు తక్కువైంది అని కంప్యూటరుకు చెబుతుంది. అందుకే మామూలు రోడ్డు మీద తేడా సర్దుకుపోయింది. నిండా తొక్కినప్పుడు మాత్రం కంప్యూటరు ఆ సెన్సారు మాట వినదు. తన పాత లెక్క ప్రకారం పోస్తుంది. చిన్న ఇంజను లెక్క. అందుకే ఇంజను ఎండిపోయి అరుస్తోంది."

"అయితే దాని లెక్క మార్చు సార్" అంది క్యాథరిన్.

"ఈ కంప్యూటరులో లెక్క మార్చడం నాకు చాతకాదమ్మా. లెక్క అట్లాగే ఉండనిద్దాం, గరిటె మారుద్దాం. వంటమనిషి కుండకు నాలుగు గరిటెలు పోయడం అలవాటు చేసుకుంది. కుండ పావు వంతు పెద్దదైంది. వంటమనిషికి చెప్పకుండా పావు వంతు పెద్ద గరిటె ఇస్తే సరి. ఆ పెద్ద ఇంజనుకు కంపెనీ ఇచ్చిన ఇంజెక్టర్లు తెచ్చి పెట్టండి. కంప్యూటరు తను చిన్న ఇంజనుకే పోస్తున్నాననుకుంటుంది, ఇంజనుకు మాత్రం సరిపోతుంది."

నా తమ్ముడు జీవితంలో చెప్పిన మంచి పాఠం అదేనని అప్పుడే అనేశాను. తొందరపడ్డాను. మద్రాసు నుంచి ఇంజెక్టర్లు తెప్పించి, కడిగించి బిగించారు. మొదటి రోజు షెడ్డు చుట్టూ బాగానే తిరిగింది. క్యాథరిన్ వ్యానును పాళెం తీసుకుపోయింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకే నల్లటి పొగ. వెనక నడిచేవాడి ముఖం కనపడనంత పొగ. షెడ్డుకు తెచ్చి ప్లగ్గులు విప్పితే పొయ్యిలోంచి తీసినట్టు మసి. పెట్రోలు వాసన ఎంతగా ఉందంటే, బీడీ వెలిగించబోయిన మనిషిని మాల్యాద్రి చెయ్యి పట్టి లాగేశాడు.

"నేను చెప్పినా కదమ్మా. ఇప్పుడన్నా కార్బురేటరుకి ఒప్పుకో" అన్నాడు మాల్యాద్రి.

నరేంద్రబాబు వచ్చి మళ్ళీ బానెట్ ఎత్తాడు. ఈసారి కాలు బంపరు మీద పెట్టలేదు. తన గరిటె లెక్క తప్పిందేమోనని, పాత ఇంజెక్టర్లే పెట్టుకుని వంతెన దగ్గర జనాన్ని దించుకోవడం మేలని అన్నాడు.

దించుకోవడం అన్న మాట వాడు ఎవరి ముందు అన్నాడో వాడికి తెలియదు. నాకు తెలుసు. క్యాథరిన్ వ్యానులో కూర్చుని, ఆ పొగతోనే, వెనక కుక్కలు దగ్గుతుంటే పాళెం వెళ్ళిపోయింది. వాకాడు దాకా నేనూ అందులోనే వచ్చాను. దారి పొడుగునా ఒకటే మాట అంది.

"మొదటి రోజు బాగుండాది కదక్కా. మొదటి రోజు బాగుంటే లెక్క తప్పు కాదు. మా పాళెం వచ్చినాకే ఏందో జరిగింది."

పాళెంలో ఏం జరుగుతుందో నేను చెప్పాలి. వేట నిషేధం రెండు నెలలూ మగవాళ్ళకు పని ఉండదు. వల బాగు చేసుకుంటారు, పడవకు రంగు వేసుకుంటారు, అది అయ్యాక గ్రీజు డబ్బా తీస్తారు. ఆ ఉప్పు గాలికి ఇనుము బతకాలంటే గ్రీజు తప్పదు. పడవ ఇంజనుకు, లంగరు గొలుసుకు, సైకిలు చైనుకు, తలుపు గొళ్ళేనికి, చివరికి చర్చి గంట కొక్కేనికి కూడా పూస్తారు. క్యాథరిన్ భర్త బెన్హర్ ఈ విద్యలో అందరికంటే ముందుంటాడు. మంచివాడు, మాట తక్కువ. భార్య మీద ఉన్న ప్రేమ నోటితో చెప్పలేడు గనక ఇంట్లో కనిపించిన ప్రతి బోల్టుకూ పూస్తాడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగినా చేతికి గ్రీజు అంటుతుంది.

మరునాడు ఆదివారం. నేను వాళ్ళ ఇంటికి పోయేసరికి క్యాథరిన్ గుమ్మంలో మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. బెన్హర్ గ్రీజు డబ్బా పట్టుకుని వచ్చి, గోనెపట్టా పరిచి, వ్యాను కిందికి దూరాడు.

"ఏం చేస్తా ఉండావు?" అంది ఆమె, లేవకుండానే.

"గొట్టం కాడ ఇంకో పూత పూస్తా ఉండా. వేడికి కారిపోతా ఉండాది" అన్నాడు కింద నుంచి. "కొత్త సామాను కదా, తుప్పు పట్టకూడదని మొన్న నిండుగా పూసినా. ఆ వైరు తగిలించిన చిన్న బుడిపె ఉండాదే, దానికైతే సందు లేకుండా కప్పేసినా."

క్యాథరిన్ లేచి నిలబడింది. నేను ఫోను తీసి నరేంద్రబాబుకు చేశాను, ఆమె నా చేతిలోంచి లాక్కుంది.

"సార్, పొగ గొట్టంలో ఉండే సెన్సారుకి బయట గ్రీజు పూస్తే ఏమైతాది?"

అవతల నుంచి వాడు అరిచిన అరుపు పక్కన ఉన్న నాకూ వినిపించింది.

"ఎవరు పూశారు? అది బయటి గాలిని, లోపలి పొగను పక్కపక్కన పెట్టి చూసి చెప్పే సామానమ్మా! వైరు దగ్గరి సందులోంచే దానికి బయటి గాలి అందేది. అది మూసేస్తే పెట్రోలు చాల్లేదు, చాల్లేదు అని ఒకటే అరుస్తుంది. కంప్యూటరు పాపం పోస్తూనే ఉంటుంది!"

క్యాథరిన్ ఫోను నాకిచ్చి, వ్యాను కింద నుంచి బయటికి వచ్చిన బెన్హర్‌ను చూసింది. ముఖం నిండా నలుపు, చేతిలో డబ్బా. ఆ తర్వాత ఆమె అన్న మాటలు ఒక టీచరుగా నేను ఇక్కడ రాయలేను. విన్నాను, హాయిగా విన్నాను. పూర్తయ్యాక అతను మెల్లగా అన్నాడు.

"నీ బండి చల్లగా ఉండాలనే కదా పూసినా."

"తెలుసు, అందుకే నిన్ను ఈ డబ్బాతో కొట్టలా" అంది. తర్వాత నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె నవ్వగా చూడటం అదే.

పాత సెన్సారు మీద గ్రీజు మాడి గట్టిపడింది. నెల్లూరు నుంచి కొత్తది తెచ్చి పెట్టారు. నరేంద్రబాబు చెప్పినట్టు మాల్యాద్రి బ్యాటరీ వైరు కాసేపు ఊడదీసి ఉంచాడు. ఇన్నాళ్ళూ తప్పుడు కబురు విని కంప్యూటరు నేర్చుకున్న అలవాటు అట్లా మరిచిపోతుందట. ఇంజెక్టర్లు మాత్రం పెద్దవే ఉంచారు. స్టార్టు చేస్తే పొగ లేదు. మాల్యాద్రి గొట్టం దగ్గర తన తెల్ల తువ్వాలు పెట్టి చూసి, మళ్ళీ మెడలో వేసుకుని, "సరే, నేను ఓడిపోయినా" అన్నాడు. అంత నిజాయితీగా ఒప్పుకునేవాళ్ళు మా స్టాఫ్ రూములో లేరు.

వేట తెరిచే ముందు పాళెంలో ఒక ఆనవాయితీ ఉంది. పడవలన్నీ ఒడ్డున వరసగా పెడతారు. పాస్టరు యెహోషువ గారు ఒక్కో పడవ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తూ పోతారు. ఆ రోజు చివరి పడవ పక్కన, ఇసుక గట్టిగా ఉన్న చోట, తెల్ల వ్యాను నిలబడి ఉంది. సంఘం పెద్ద సమాధానం గారు ఇది పడవల ప్రార్థన, బండ్ల ప్రార్థన కాదని అడ్డం వచ్చారు. అక్కడ పెంచలయ్య కూడా ఉన్నాడు, వినోదం చూడటానికి.

"మగోళ్ళు తెచ్చింది ఒడ్డుకి చేరేదాకా మీ పడవలు పెద్దయ్యా. ఒడ్డు నుంచి అవతలికి మా పడవ ఇది. ప్రార్థన చెయ్యకపోతే పోనీలే, పక్కకి మాత్రం తియ్యను" అంది క్యాథరిన్.

పాస్టరు గారు ఎవరి వైపూ చూడకుండా వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టారు. తీశాక అరచేతికి అంటిన గ్రీజు చూసుకుని, బెన్హర్ వైపు చూశారు. అతను తల దించుకున్నాడు.

మొదటి చేప వచ్చిన రోజు ఒడ్డున పెంచలయ్య ఐసు లారీ ఒక పక్క, క్యాథరిన్ వ్యాను ఒక పక్క ఉన్నాయి. ప్రేమలీల గంప నెత్తిన పెట్టుకుని రెంటి మధ్యా కాసేపు నిలబడింది.

"దించవు కదా?" అని అడిగింది.

"ఎక్కి చూడు."

ఆమె ఎక్కింది. ఆమె వెనక మిగతావాళ్ళు. మోకాళ్ళు పడిపోయి గూడూరు మానేసిన మగ్దలీనమ్మ కూడా ఒళ్ళో చిన్న గంప పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వాకాడులో ఎక్కిన నాకు సందువ గంపకు, నెత్తళ్ళ గంపకు మధ్య అర జానెడు చోటు దొరికింది. కోట దాటాం. తల్లిని దించేసిన చోటు వచ్చినప్పుడు క్యాథరిన్ హారన్ కొట్టింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

గూడూరు వంతెన వచ్చింది. ఇంత నిండుగా ఈ వ్యాను ఎప్పుడూ లేదు. మొదట్లో ముందున్న లారీ కోసం క్యాథరిన్ బ్రేకు వేయగానే, అలవాటు ప్రకారం వెనక ఆడవాళ్ళంతా గంపలు పక్కకు జరుపుకుని లేచారు. నేనూ కుచ్చిళ్ళు పట్టుకున్నాను. ముందు సీట్లో మగ్దలీనమ్మ గంప కింద పెట్టి, తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

క్యాథరిన్ తల్లి చెయ్యి పట్టుకుని గొళ్ళెం మీద నుంచి తీసింది. ఆ గొళ్ళేనికీ గ్రీజే, ఇద్దరి చేతులకూ అంటింది.

"కూర్చోమ్మా" అంది. "గంప ఒళ్ళో పెట్టుకో. ఇంక నిన్ను ఎవురూ దించరు."

గేరు మార్చి నిండా తొక్కింది. చప్పుడు లేదు, పొగ లేదు. పక్కన నడిచే మనుషులు లేకుండా ఆ వంతెన ఎక్కడం మాకెవరికీ కొత్త. పైకి చేరేసరికి కింద పట్టాల మీద ఏదో రైలు పోతోంది. మగ్దలీనమ్మ కిటికీలోంచి దాన్ని చూస్తూ, గ్రీజు చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. నడిరోడ్డు మీద ఆనాడు ఏడవని మనిషి, కూతురి పక్కన కూర్చుని, దిగకుండా ఏడ్చింది.